ఓబీఎస్ రికార్డింగ్ 3 జీబీ, కరెంటు పోతే ఫైలు తెరుచుకోదు, టీవీలో మాట రాదు: ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దారి ఉందా?

రొయ్యలపద్దు (భీమవరం) #1

చెరువు మేత పద్దు లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఎలా రాసుకోవాలో రైతుల కోసం స్క్రీన్ వీడియోలు తీస్తున్నాను. రోజువారీ మేత, సాంప్లింగ్ కౌంటు, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క), అంతే. తెర రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో, విండోస్ 10 డెస్క్‌టాప్, ఐ3, 8 జీబీ ర్యామ్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తలనొప్పులు వరసగా చెప్తాను.

40 నిమిషాల పాఠం 3 జీబీ వస్తోంది. వాట్సాప్‌లో ఎవరికి పంపను?

రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయింది. ఎంపీ4 ఫైలు సైజు చూపిస్తోంది గానీ తెరుచుకోదు.

720పీకి తగ్గిస్తే గడుల్లో అంకెలు అలికేసినట్టు ఉన్నాయి.

మాట ఫోన్లో విడిగా రికార్డు చేసి కలుపుతున్నాను. మొదట్లో సరిగ్గానే ఉంటుంది. చివరికొచ్చేసరికి మౌసు ముందు, మాట వెనక.

సంఘం హాల్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మ వస్తోంది, శబ్దం లేదు.

కొనేవీ, క్రాక్ వేసుకునేవీ చెప్పకండి.

కాకినాడ_కాజా #2

అడిగితే ఇలా అడగాలండి, ఒక్క టపాలో ఐదు రోగాలు. ఓబీఎస్‌లో రేట్ కంట్రోల్ ఏం పెట్టారు? కలపడానికి ఏం వాడుతున్నారు? ఈ రెండూ చెప్పకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

రొయ్యలపద్దు #3

సీబీఆర్, 10000. ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) 29.97. గేమ్ రికార్డింగ్ చేసేవాళ్ల వీడియో చూసి పెట్టినవి. కలపడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ (కమాండ్లతో నడిచే ఉచిత వీడియో టూల్), ఎక్కడో దొరికిన కమాండ్. ఈ వేదికలో ఇంగ్లిష్ అక్షరాలు పడట్లేదు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఆర్ 30 -ఐ తెర.ఎంపీ4 -ఐ మాట.ఎం4ఏ -మ్యాప్ 0:వి -మ్యాప్ 1:ఎ -విఎఫ్ స్కేల్=1280:720 -సి:వి లిబ్ఎక్స్264 -బి:వి 800కె -సి:ఎ లిబ్ఓపస్ చివరిది.ఎంపీ4

ఉల్లిగారె #4

దీన్ని మక్కీకి మక్కీ టెర్మినల్లో పేస్ట్ చేసేవాడు ఒకడైనా ఉంటాడు, రాసి పెట్టుకోండి.

తణుకు_టెర్మినల్ #5

ఐదింట్లో మూడు రోగాలు ఆ ఒక్క కమాండ్‌లోనే ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా చూద్దాం.

-ఆర్ 30 అనేది -ఐ కంటే ముందు పెట్టారు. అక్కడ పెడితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫైల్లో ఉన్న టైమ్‌స్టాంపులన్నీ పక్కన పడేసి, ఈ వీడియో సెకనుకి సరిగ్గా 30 ఫ్రేములు అని తనే కొత్త సమయాలు వేసుకుంటుంది. మీరు ఓబీఎస్‌లో తీసింది 29.97. తేడా వెయ్యికి ఒకటి. 40 నిమిషాలంటే 2,400 సెకన్లు, అంటే చివర్లో 2.4 సెకన్లు బొమ్మ ముందుకి పరిగెడుతుంది. మాటకి ఏమీ కాలేదు, బొమ్మే కురచ అయింది. మీకొచ్చే తేడా రెండున్నర సెకన్ల దగ్గరే కదా? ఆ -ఆర్ 30 తీసెయ్యండి, పోతుంది. ఫ్రేమ్ రేటు నిజంగా మార్చాల్సి వస్తే -ఆర్ అనేది అవుట్‌పుట్ ఫైలు పేరుకి ముందు రావాలి, ఇన్‌పుట్ ముందు కాదు.

లిబ్ఓపస్ (మాటని ఓపస్ ఫార్మాట్లో కుదించేది) అనేది టీవీలో మాట రాకపోవడానికి కారణం. ఎంపీ4లో ఓపస్ పెట్టడానికి అభ్యంతరం లేదు, కంప్యూటర్లో వీఎల్‌సీ పాడేస్తుంది. చాలా టీవీల్లోని ప్లేయర్‌కి మాత్రం ఓపస్ తెలీదు. ఏఏసీ పెట్టండి.

స్కేల్=1280:720, దానిమీద 800 కిలోబిట్లు. 1080ని 720 చేస్తే ప్రతి మూడు చుక్కలు రెండవుతాయి. కాల్క్ గడి గీత మందం ఒక్క చుక్క. అది పక్కవాటితో కలిసి బూడిద రంగు తేలుతుంది, అంకెల సన్న కాళ్లకీ అదే గతి.

పైగా ఓబీఎస్ ఒకసారి ఎన్‌కోడ్ చేసిన (కుదించి రాసిన) బొమ్మని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తున్నారు. అక్కర్లేదు. ఇలా ఉండాలి:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ తెర.ఎంకేవీ -ఐ మాట.ఎం4ఏ -మ్యాప్ 0:వి -మ్యాప్ 1:ఎ -సి:వి కాపీ -సి:ఎ ఏఏసీ -బి:ఎ 96కె -ఎఆర్ 48000 -షార్టెస్ట్ -మూవ్‌ఫ్లాగ్స్ +ఫాస్ట్‌స్టార్ట్ చివరిది.ఎంపీ4

బొమ్మని ముట్టుకోదు, మాటొక్కటే ఏఏసీగా మారుతుంది. 40 నిమిషాల ఫైలు నిమిషంలోపే అయిపోవాలి. +ఫాస్ట్‌స్టార్ట్ ఎందుకంటే సూచిక ఫైలు చివర కాకుండా మొదట్లోకి వస్తుంది, నెట్‌లో పెడితే మొత్తం దిగకముందే ఆడుతుంది.

మాట మొత్తంగా ముందుకో వెనక్కో ఉంటే, అంటే పాఠమంతా ఒకే తేడా ఉంటే, రెండో -ఐ ముందు -ఐటీఎస్ఆఫ్‌సెట్ 1.4 అని పెట్టండి. మాట 1.4 సెకన్లు ఆలస్యంగా మొదలవుతుంది. అంకె మీ తేడాని బట్టి.

రొయ్యలపద్దు #6

ఆయ్, తేడా అక్షరాలా అంతేనండి. -షార్టెస్ట్ ఏం చేస్తుంది?

తణుకు_టెర్మినల్ #7

రెండింట్లో ఏది ముందైపోతే అక్కడే ఆపేస్తుంది. ఫోన్ రికార్డింగ్ ఆపడం మర్చిపోయి పది నిమిషాలు ఎక్కువుంటే ఆ పది నిమిషాలూ నల్ల తెర మీద మాట రాకుండా చూస్తుంది.

లంకల_లైనక్స్ (రాజోలు) #8

సైజు సంగతి. సీబీఆర్ అంటే తెర కదిలినా కదలకపోయినా చెప్పినన్ని బిట్లు ఖర్చుపెట్టమని. 10,000 కిలోబిట్లు × 2,400 సెకన్లు ÷ 8 = 3,000 ఎంబీ. మీ 3 జీబీ అదే, మాయేం లేదు. లైవ్ పెట్టేవాళ్లకి అది కావాలి, ఎందుకంటే అటు సర్వరు స్థిరంగా రావాలంటుంది. కాల్క్ తెరలో నిమిషానికి నాలుగు గడులు మారతాయి. దానికెందుకు?

సెట్టింగ్స్, అవుట్‌పుట్, పైన అవుట్‌పుట్ మోడ్ అడ్వాన్స్‌డ్. రికార్డింగ్ ట్యాబ్. ఎన్‌కోడర్ ఎక్స్264, రేట్ కంట్రోల్ సీఆర్ఎఫ్, విలువ 20. సీపీయూ ప్రీసెట్ వెరీఫాస్ట్. కీఫ్రేమ్ (ముందువాటి మీద ఆధారపడని పూర్తి బొమ్మ) ఇంటర్వల్ 2 సెకన్లు.

సీఆర్ఎఫ్ అంటే నాణ్యత స్థిరం, సైజు దానంతటది. అంకె పెరిగితే నాణ్యత తగ్గుతుంది, 6 పెంచితే సైజు సుమారు సగమవుతుంది. కదలని తెరకి ఇది 3 జీబీలో పదో వంతు కూడా రాదు.

ఆ కీఫ్రేమ్ 2 అనేది వదిలెయ్యకండి. సున్నా ఉంచితే ఎక్స్264 తనిష్టం వచ్చినట్టు 250 ఫ్రేములకి ఒకటి పెడుతుంది, 30 ఎఫ్‌పీఎస్‌లో ఎనిమిది సెకన్లు పైనే. తర్వాత ముక్కలు కోసేటప్పుడు దాని ప్రభావం తెలుస్తుంది.

ఫార్మాట్ ఎంకేవీ. ఇది మీ రెండో తలనొప్పి. మామూలు ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక రికార్డింగ్ ఆపినప్పుడు చివర్లో రాస్తారు. మధ్యలో కరెంటు పోతే డేటా ఉంటుంది, సూచిక ఉండదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇస్తే 'మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్' అంటుంది చూడండి, అదే. ఎంకేవీ ఎక్కడికక్కడ రాసుకుంటూ పోతుంది. కరెంటు పోయిన క్షణం దాకా ఉన్నది దక్కుతుంది.

తర్వాత ఎంపీ4 కావాలంటే ఓబీఎస్‌లోనే ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ ఉంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ఆటోమేటిక్ రీమక్స్ టిక్కు పెడితే ఆపగానే తనే చేసేస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి సర్దినట్టు, సరుకు అదే.

వశిష్ఠ_తీరం #9

ఎంకేవీయే కావాలని ఇప్పుడు ఎందుకండీ? ఓబీఎస్ 30.2 నుంచి హైబ్రిడ్ ఎంపీ4 ఉంది. రాసేటప్పుడు ముక్కలుగా రాస్తుంది, ఆపినప్పుడు మామూలు ఎంపీ4గా సర్దుతుంది. కరెంటు పోయినా ముక్కలు ఉంటాయి. రీమక్స్ గొడవ లేదు, అదనంగా చాప్టర్ మార్కర్లకి హాట్‌కీ పెట్టుకోవచ్చు. 40 నిమిషాల పాఠానికి 'ఇక్కడ ఎఫ్‌సీఆర్ మొదలు' అని గుర్తు పెట్టుకోవడానికి భలే పనికొస్తుంది.

లంకల_లైనక్స్ #10

కాదనను. కానీ మధ్యలో తెగిన హైబ్రిడ్ ఫైలుని కొన్ని ఎడిటర్లు తీసుకోవు, దాన్ని మళ్లీ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో -సి కాపీ పెట్టి సర్దాల్సిందే. ఎలాగూ అదే పని అయితే ఎంకేవీ నయం. పైగా పాత ఓబీఎస్ ఉన్నవాళ్లకి హైబ్రిడ్ కనబడదు.

వశిష్ఠ_తీరం #11

పాత ఓబీఎస్ ఉన్నవాళ్లు కొత్తది వేసుకోవచ్చు కదా, డబ్బులడగట్లేదు.

లంకల_లైనక్స్ #12

ఆ పాత ఓబీఎస్‌ల కింద ఉన్న మెషీన్లు చూస్తే ఆ మాట అనరు.

పాలకొల్లు_పిక్సెల్ #13

ఇప్పటికే పాడైన ఆ ఎంపీ4 పారెయ్యకండి. అన్‌ట్రంక్ అని ఉచిత టూల్ ఉంది. అదే ఓబీఎస్, అవే సెట్టింగ్స్‌తో తీసిన బాగున్న ఫైలు ఒకటి పక్కన ఇవ్వాలి. దాని సూచిక తీరు చూసి పాడైనదానికి కొత్త సూచిక కడుతుంది. కాబట్టి సీఆర్ఎఫ్‌కి మారక ముందే పాత సెట్టింగ్స్‌తో ఒక నిమిషం రికార్డు చేసి ఉంచుకోండి. రిజల్యూషన్, ఎన్‌కోడర్, ఆడియో రేటు ఏది తేడా ఉన్నా సరిగ్గా రాదు.

రొయ్యలపద్దు #14

ఇది ఎవరూ చెప్పలేదండి ఇంతవరకు. సెట్టింగ్స్ ఇంకా మార్చలేదు, ముందు ఆ నిమిషం తీస్తాను.

మండపేట_మెకానిక్ #15

ఐ3 మీద ఎక్స్264 వెరీఫాస్ట్, 1080పీ, 30 ఎఫ్‌పీఎస్ అంటే 'ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడెడ్' అని కింద ఎర్రగా వస్తుంది. క్విక్‌సింక్ పెట్టుకోమనండి. ఇంటెల్ చిప్పులోనే ఎన్‌కోడర్ ఉంటుంది, సీపీయూ చల్లగా ఉంటుంది. ఎందుకు కష్టపెట్టడం?

లంకల_లైనక్స్ #16

పాత ఐ3ల్లో క్విక్‌సింక్ నాణ్యత సన్న అక్షరాల దగ్గర తేలిపోతుంది. అదే సైజులో ఎక్స్264 బాగుంటుంది.

మండపేట_మెకానిక్ #17

అదే సైజులో అని ఎవరన్నారు? రికార్డు చేసేటప్పుడు సైజు ఎంతైతే ఏంటి, డిస్కులో ఒక గంట ఉంటుంది అంతే. బిట్లు ధారాళంగా ఇవ్వండి, తర్వాత తీరిగ్గా ఎక్స్264తో పిండండి. రికార్డింగ్‌లో ఫ్రేములు పోతే తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు.

తణుకు_టెర్మినల్ #18

ఇద్దరూ చెప్పింది వేర్వేరు మెషీన్లకి నిజం. ఓబీఎస్‌లో వ్యూ మెనూలో స్టాట్స్ తెరిచి రెండు నిమిషాలు రికార్డు చేసి చూడండి. 'స్కిప్డ్ ఫ్రేమ్స్ డ్యూ టు ఎన్‌కోడింగ్ లాగ్' సున్నా దగ్గరుంటే ఎక్స్264 ఉంచుకోండి. పెరుగుతుంటే ముందు ప్రీసెట్ అల్ట్రాఫాస్ట్ చెయ్యండి, సీఆర్ఎఫ్ 18. సైజు పెరుగుతుంది, సీపీయూ ఊపిరి తీసుకుంటుంది. అప్పటికీ పెరిగితే క్విక్‌సింక్. అల్ట్రాఫాస్ట్‌తో తీసింది తర్వాత పిండటానికి:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ తెర.ఎంకేవీ -సి:వి లిబ్ఎక్స్264 -ప్రీసెట్ స్లో -సీఆర్ఎఫ్ 23 -పిక్స్_ఎఫ్ఎంటీ వైయూవీ420పి -సి:ఎ కాపీ పాఠం.ఎంపీ4

గోస్తనీ #19

30 కూడా ఎందుకు? గడులు నింపే పాఠానికి 15 ఫ్రేములు చాలు. వీడియో సెట్టింగ్స్‌లో 'ఇంటీజర్ ఎఫ్‌పీఎస్ వాల్యూ' ఎంచుకుని 15 పెట్టండి. ఐ3కి సగం బరువు తగ్గుతుంది, 29.97 పీడా విరగడవుతుంది.

వశిష్ఠ_తీరం #20

15లో మౌసు కప్పలా గెంతుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మౌసునే చూస్తారు, అది ఎటు పోయిందో తెలియాలి. స్క్రోల్ చేసే పాఠం అయితే 30 ఉండాల్సిందే.

గోస్తనీ #21

మౌసు నెమ్మదిగా తిప్పితే గెంతదు. నొక్కే ముందు అర సెకను ఆగాలి. 60 పెట్టినా మౌసుని గిరగిరా తిప్పేవాళ్ల వీడియో ఎవరికీ అర్థం కాదు.

పాలకొల్లు_పిక్సెల్ #22

అంకెలు అలికినట్టు ఉండటం గురించి ఇంకొంచెం. మీ రైతులు చూసేది ఫోన్లో, ఆరంగుళాల తెర మీద. 1080పీ తీసినా 1920 చుక్కల వెడల్పు కాల్క్ షీటు అక్కడ చీమల బారే. అసలు పని రికార్డింగ్‌కి ముందే ఉంది. కాల్క్‌లో జూమ్ 160 దాకా పెంచండి. అక్కర్లేని టూల్‌బార్లు, సైడ్‌బార్ మూసెయ్యండి. ఒక తెరలో ఐదారు నిలువు వరసలు మించనివ్వకండి.

720పీ ఇవ్వాలనే ఉంటే రెండు దారులు. విండోస్ డిస్‌ప్లే రిజల్యూషన్‌నే 1280×720 చేసి, ఓబీఎస్‌లో బేస్, అవుట్‌పుట్ రెండూ 1280×720 పెట్టడం. అప్పుడు చుక్కకి చుక్క, కుదించడమే ఉండదు. లేదా ఓబీఎస్ కాన్వాస్‌ని 1280×720 చేసి, డిస్‌ప్లే క్యాప్చర్‌ని ఆల్ట్ నొక్కి పట్టుకుని ఎర్ర గీత అంచు లాగితే కత్తిరింపు అవుతుంది, కావాల్సిన భాగమే ఉంచుకోవచ్చు. ఆల్ట్ లేకుండా లాగితే కుదించేస్తుంది, మళ్లీ మొదటికే.

రంగుల దగ్గర జాగ్రత్త. ఓబీఎస్ మామూలుగా వాడే ఎన్‌వీ12లో వెలుగు పూర్తిగా ఉంటుంది, రంగు వివరం నాలుగు చుక్కలకి ఒకటే. నీలం గడిలో ఎర్ర అంకె రాస్తే అంచులు కారిపోతాయి. ఐ444 పెడితే పోతుంది గానీ ఫోన్లూ టీవీలూ చాలావరకు ఆ ఫైలు ఆడవు. తెల్ల గడిలో నల్ల అంకె రాయండి, ఏ గొడవా లేదు.

కోనసీమ_కొబ్బరి #23

ఇంత తతంగం ఎందుకండీ, ఆన్‌లైన్ కన్వర్టర్లు బోలెడు. ఫైలు ఎక్కించి ఎంపీ4 అని నొక్కితే వచ్చేస్తుంది.

కాకినాడ_కాజా #24

3 జీబీ ఎక్కించి, మళ్లీ దించుకుని, మధ్యలో 'ఉచిత పరిమితి దాటింది' అని చూసుకుని... ఈలోపు చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోతుంది.

తణుకు_టెర్మినల్ #25

పైగా ఆ తెర మీద రైతు పేరు, చెరువు విస్తీర్ణం, మేత బాకీ అన్నీ ఉంటాయి. ఎవరి సర్వరులో పడుతుందో తెలీదు. మీ మెషీన్లోనే నిమిషంలో అయ్యే పనికి అంత దూరం పంపడం దేనికి.

మండపేట_మెకానిక్ #26

డౌన్‌లోడ్ చేసేటప్పుడు కూడా అధికారిక సైటు నుంచే. గూగుల్లో పైన ప్రకటనగా వచ్చేది కాదు. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ (వీడియో సైజు తగ్గించే ఉచిత టూల్) డౌన్‌లోడ్ మిర్రర్‌లలో ఒకదాన్ని ఎవరో హ్యాక్ చేసి మ్యాక్ ఫైల్లో వైరస్ దూర్చారు, కొన్ని రోజులు అలాగే ఉంది. చెక్‌సమ్ (ఫైలు అసలుదేనా అని సరిచూసే అంకె) చూసుకున్నవాళ్లు పట్టుకోగలిగారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అయితే విండోస్‌కి నేరుగా సోర్స్ కోడే ఇస్తారు, తయారు ఫైళ్లు కావాలంటే వాళ్ల డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన లింకుల్లోంచే తెచ్చుకోవాలి. టెర్మినల్లో వింగెట్ ఇన్‌స్టాల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని కొట్టినా సరిపోతుంది.

రావులపాలెం_రింగురోడ్డు #27

కమాండ్లు కొట్టలేనివాళ్లకి హ్యాండ్‌బ్రేక్ చెప్పరేంటండీ ఎవరూ? పేరు చెప్పి వదిలేశారు.

పాలకొల్లు_పిక్సెల్ #28

హ్యాండ్‌బ్రేక్ బొమ్మని ఎప్పుడూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, కాపీ లేదు. అది గుర్తుంచుకుంటే బంగారం లాంటి టూల్. ఎంకేవీని ఎంపీ4 చెయ్యడానికి మాత్రమే దాన్ని వాడటం దండగ. పెద్ద ఫైలు చిన్నది చెయ్యడానికి వాడండి.

ఫైలు తెరిచి ప్రీసెట్ ఫాస్ట్ 1080పీ30. సమ్మరీలో ఎంపీ4, వెబ్ ఆప్టిమైజ్డ్ టిక్కు. డైమెన్షన్స్‌లో క్రాపింగ్ నన్ చెయ్యండి, ఇది చాలామంది వదిలేస్తారు. మామూలుగా ఆటోమేటిక్ ఉంటుంది, నల్ల అంచులు కనబడితే కోసేస్తుంది. సినిమాకి మంచిదే. నల్ల థీమ్‌తో తీసిన స్క్రీన్ వీడియోలో మాత్రం మెనూ పక్క భాగం కూడా అంచనుకుని కోసేస్తుంది. వీడియోలో ఎక్స్264, ఆర్ఎఫ్ 22, ఫ్రేమ్‌రేట్ సేమ్ యాజ్ సోర్స్, కాన్‌స్టంట్. ఆడియోలో ఏఏసీ, మోనో, 64. మాట ఒక్కటే కదా, స్టీరియో దేనికి.

ఫోన్ స్క్రీన్ రికార్డర్‌తో తీసిన ఫైళ్లకి ఆ కాన్‌స్టంట్ చాలా ముఖ్యం. ఫోన్ రికార్డర్లు తెర కదలనప్పుడు ఫ్రేములు తగ్గించేస్తాయి. అలాంటిది ఎడిటర్లో పెడితే మాట జారుతుంది. షాట్‌కట్ అయితే పెట్టగానే 'కన్వర్ట్ టు ఎడిట్-ఫ్రెండ్లీ' అని అడుగుతుంది, సరే అనండి.

కోనసీమ_కొబ్బరి #29

హెచ్265 పెడితే ఇంకా సగం అవుతుందటగా?

పాలకొల్లు_పిక్సెల్ #30

అవుతుంది. ఐ3 రాత్రంతా కూర్చుంటుంది, పాత టీవీ ఆడదు. టీవీకి, వాట్సాప్‌కి ఒకే ఫైలు కావాలంటే హెచ్264, 8 బిట్, ఏఏసీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచండి, కొన్ని టీవీలు తెలుగు పేరు చూపించాల్సిన చోట డబ్బాలు చూపిస్తాయి. వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే అది మళ్లీ పిండేస్తుంది, మీరు పడ్డ శ్రమంతా గోదాట్లో. డాక్యుమెంట్‌కి 2 జీబీ దాకా వీలుంది.

అంబాజీపేట_ఆడియో #31

అందరూ బొమ్మ గురించే. స్క్రీన్ వీడియోలో సగం పాఠం మాట. ఫోన్లో విడిగా దేనికండీ, మైకు నేరుగా ఓబీఎస్‌కే ఇవ్వండి, సింకు గొడవే ఉండదు.

రొయ్యలపద్దు #32

కాలర్ మైకు ఉంది. డెస్క్‌టాప్ గులాబీ రంగు జాక్‌లో పెడితే మాట రాలేదు, ఫోన్లో వస్తోంది. అందుకే ఫోన్.

అంబాజీపేట_ఆడియో #33

పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడుంటే అది ఫోన్ పిన్ను, నాలుగు భాగాలది. డెస్క్‌టాప్ మైకు జాక్‌కి రెండు గీతలది కావాలి. మైకుని, హెడ్‌ఫోన్‌ని విడగొట్టే వై ఆకారం అడాప్టర్ మొబైల్ షాపులో దొరుకుతుంది, దాని మైకు కాలు గులాబీ జాక్‌లో పెట్టండి. లేదా యూఎస్‌బీ సౌండ్ కార్డు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు జోలికి మాత్రం వెళ్లకండి, మైకు వాడగానే అది కాల్ మోడ్‌లోకి పడి గొంతు డబ్బాలో మాట్లాడినట్టు వస్తుంది.

పెట్టాక ఓబీఎస్ సెట్టింగ్స్‌లో ఆడియో 48 కిలోహెర్ట్జ్, విండోస్ సౌండ్ ప్యానెల్లో ఆ మైకు డీఫాల్ట్ ఫార్మాట్ కూడా 48000. మీటరు చూస్తూ మామూలు గొంతుతో మాట్లాడండి. మాట పసుపులో ఆడాలి, అంటే మైనస్ 20కీ మైనస్ 9కీ మధ్య. ఎరుపు తగిలితే మైకు తగ్గించండి.

ఫిల్టర్లు ఈ వరసలో: ముందు నాయిస్ సప్రెషన్, ఆర్ఎన్‌నాయిస్ ఎంచుకోండి. తర్వాత కంప్రెసర్. చివర లిమిటర్, మైనస్ 3. ఫ్యాన్ హోరుకి ఆర్ఎన్‌నాయిస్ బాగా పనిచేస్తుంది. చెరువు దగ్గర షెడ్డులో ఏరేటర్ల మోత ఉంటే కొంతే తగ్గుతుంది, తలుపు మూసుకోవాల్సిందే.

కాకినాడ_కాజా #34

నాయిస్ గేట్ (మెల్లని శబ్దాన్ని మూసేసే ఫిల్టర్) చెప్పలేదే?

అంబాజీపేట_ఆడియో #35

కావాలనే చెప్పలేదు. మన మాట చివర్లో దిగుతుంది. గేట్ మామూలు అంకెలతో ఉంచితే ఆ దిగిన చివర కోసేస్తుంది. 'ఇక్కడ నొక్కండి' అన్నది 'ఇక్కడ నొక్క' అని వినబడుతుంది. గోదారి జిల్లాల్లో అండి తీసేసి వీడియో పెడితే మర్నాడు ఇంటికొచ్చి అడుగుతారు. తప్పదనుకుంటే ఓపెన్ మైనస్ 38, క్లోజ్ మైనస్ 45, హోల్డ్ 400 మిల్లీసెకన్లు.

ఉల్లిగారె #36

'అండి' తినేసే సాఫ్ట్‌వేరా. నిషేధించాలి.

తణుకు_టెర్మినల్ #37

ఇప్పటికే ఫోన్లో తీసిన పాఠాలకి ఒక పాఠం గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటే #5లో చెప్పిన కమాండ్‌లో -ఎఎఫ్ హైపాస్=ఎఫ్=90,లౌడ్‌నార్మ్=ఐ=-16:టీపీ=-1.5 చేర్చండి. హైపాస్ 50 హెర్ట్జ్ కరెంటు జుమ్‌ని తగ్గిస్తుంది, లౌడ్‌నార్మ్ అన్నిటినీ ఒకే మోతకి తెస్తుంది. -ఎఆర్ 48000 తీసెయ్యకండి, లౌడ్‌నార్మ్ లోపల 192 కిలోహెర్ట్జ్‌కి పెంచుకుంటుంది, తిరిగి దించేది అదే.

రావులపాలెం_రింగురోడ్డు #38

మధ్యలో దూరుతున్నా. నా లాప్‌టాప్‌లో ఓబీఎస్ డిస్‌ప్లే క్యాప్చర్ అంతా నల్లగా. రెండు గ్రాఫిక్స్ ఉన్నాయి.

మండపేట_మెకానిక్ #39

తెరని నడిపేది ఒక చిప్పు, ఓబీఎస్ నడిచేది ఇంకో చిప్పు మీద. విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్. అక్కడ ఓబీఎస్‌ని చేర్చి పవర్ సేవింగ్ పెట్టండి. ఓబీఎస్ మూసి తెరవండి. లేదంటే డిస్‌ప్లే క్యాప్చర్ ప్రాపర్టీస్‌లో క్యాప్చర్ మెథడ్ 'విండోస్ 10' అన్నది ఎంచుకుని చూడండి.

లంకల_లైనక్స్ #40

లైనక్స్‌లో నల్లగా వస్తే కారణం వేరు. వేలాండ్ సెషన్‌లో 'స్క్రీన్ క్యాప్చర్ పైప్‌వైర్' సోర్స్ వాడాలి, ఎక్స్11 క్యాప్చర్ పనిచెయ్యదు. మింట్ సినమన్ మామూలుగా ఎక్స్11 కాబట్టి అక్కడ సింపుల్‌స్క్రీన్‌రికార్డర్ కూడా హాయిగా నడుస్తుంది, ఓబీఎస్ కంటే తేలిక.

రొయ్యలపద్దు #41

సీఆర్ఎఫ్ 20, ఎంకేవీ, 15 ఎఫ్‌పీఎస్, తెర 1280×720, కాల్క్ జూమ్ 160. స్టాట్స్‌లో స్కిప్డ్ సున్నా. 38 నిమిషాల పాఠం 140 ఎంబీ. టీవీలో మాట వచ్చింది. అన్‌ట్రంక్‌తో పాత ఫైలు 22 నిమిషాలు దక్కింది.

ఇంకో రెండు. మధ్యలో దగ్గు, ఫోను మోత కొయ్యాలి. కింద తెలుగు అక్షరాలు కావాలి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో బొమ్మ మీద అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్‌తో వేస్తే వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి.

గోస్తనీ #42

కొయ్యడానికి లాస్‌లెస్‌కట్. మళ్లీ ఎన్‌కోడ్ ఉండదు. మొదలు మాత్రం కీఫ్రేమ్ దగ్గరే పడుతుంది, అందుకే #8లో 2 సెకన్లు పెట్టమన్నారు. దగ్గగానే రెండు మూడు సెకన్లు మౌసు కదపకుండా, మాట్లాడకుండా ఆగి వాక్యం మొదటినుంచి చెప్పండి, కోతకి చోటు దొరుకుతుంది.

పాలకొల్లు_పిక్సెల్ #43

వత్తులు విడిపోవడం మీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ పాతది కావడం వల్ల. డ్రాటెక్స్ట్‌కి హార్ఫ్‌బజ్ (వత్తులు, గుణింతాలు కలిపేది) ఎఫ్ఎఫ్ఎంపెగ్ 6.1లో వచ్చింది, అంతకుముందు అది అక్షరాలని ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే, కలపడం లేదు. దాన్ని వదిలి ఎస్ఆర్‌టీ ఫైలు (ఏ మాట ఎప్పుడు కనబడాలో రాసిన సబ్‌టైటిల్ ఫైలు) రాసి సబ్‌టైటిల్స్ ఫిల్టర్ వాడండి, అది లిబ్ఆస్ అనే సబ్‌టైటిల్ లైబ్రరీ ద్వారా వెళ్తుంది, వత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

-విఎఫ్ సబ్‌టైటిల్స్=పాఠం.ఎస్ఆర్‌టీ:ఫోర్స్_స్టైల్='ఫాంట్‌నేమ్=నోటో సాన్స్ తెలుగు,ఫాంట్‌సైజ్=20'

ఎస్ఆర్‌టీని నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. ఆన్సీ ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలే. విండోస్‌లో సి: డి: అని పూర్తి దారి ఇస్తే ఆ కోలన్ దగ్గర ఫిల్టర్ తికమకపడుతుంది. ముందు ఆ ఫోల్డర్లోకి వెళ్లి ఉత్త ఫైలు పేరే ఇవ్వండి. ఇక్కడ -సి:వి కాపీ కుదరదు, అక్షరాలు బొమ్మలో కలవాలంటే ఎన్‌కోడ్ చెయ్యాల్సిందే. విడిగా సబ్‌టైటిల్ ట్రాకుగా పెడితే టీవీలు తెలుగు చూపించడం అనుమానమే.

రొయ్యలపద్దు #44

మొత్తం పద్దెనిమిది ఎంకేవీలు ఉన్నాయి. ఒక్కోటి రీమక్స్ చెయ్యాలా?

వశిష్ఠ_తీరం #45

ఓబీఎస్ రీమక్స్ కిటికీలోకి అన్నీ ఒకేసారి లాగి పడెయ్యండి, చాలు.

తణుకు_టెర్మినల్ #46

కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే ఆ ఫోల్డర్లో నిలబడి:

ఫర్ %ఎఫ్ ఇన్ (*.ఎంకేవీ) డూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ "%ఎఫ్" -సి కాపీ -మూవ్‌ఫ్లాగ్స్ +ఫాస్ట్‌స్టార్ట్ "%~ఎన్ఎఫ్.ఎంపీ4"

కొటేషన్ గుర్తులు తియ్యకండి, ఫైలు పేరులో ఖాళీ ఉంటే అక్కడే ఆగిపోతుంది.

మండపేట_మెకానిక్ #47

దాన్నే బ్యాచ్ ఫైలుగా దాచుకుంటే ప్రతి % గుర్తూ రెండుసార్లు రాయాలి, %%ఎఫ్, %%~ఎన్ఎఫ్ అని. ఒకటే ఉంటే నడవదు.